కంపెనీలను కొంటూ పెరిగే కంపెనీ: దాని షేరు కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

2024 మార్చి 26న గోపాల్‌పూర్ రేవు అదానీ పోర్ట్స్ చేతికి వెళ్తోందన్న ప్రకటన వచ్చింది. బరంపురం నుంచి అరగంట దూరంలో ఉన్న రేవు కాబట్టి ఆ వారమంతా గంజాం జిల్లాలో దాని గురించే మాట్లాడుకున్నారు. కొన్నవాళ్లు విలువ 3,080 కోట్లు అన్నారు, అమ్మినవాళ్లు 3,350 కోట్లు అన్నారు. చేతికి ఇచ్చే డబ్బు మాత్రం 1,349 కోట్లే. మూడు అంకెలూ ఒకే బేరానివి, మూడూ నిజమే. కొనుగోళ్ల మీద పెరిగే కంపెనీలో డబ్బు పెట్టదలచినవాళ్లు ముందుగా ఈ మూడింటికీ తేడా ఎక్కడుందో చెప్పగలగాలి.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్లలో ఇప్పుడు ఫోన్‌లోనే డీమ్యాట్ నడుపుతున్నవాళ్లు చాలామంది. ‘ఫలానా కంపెనీ ఇంకో కంపెనీని కొనేసింది’ అన్న వార్త పడగానే షేరు కొనడం కూడా అలవాటైపోయింది. కొనడం పెద్ద విద్యేం కాదు, అప్పు పుడితే ఎవరైనా కొంటారు. పదేళ్లలో కొనుగోళ్ల మీద పెట్టిన ప్రతి రూపాయికీ, మన ఒక్కో షేరు వంతుకు, ఎంత నగదు తిరిగొచ్చిందన్నది అసలు ప్రశ్న. కింద చెప్పేదంతా దానికి జవాబు రాబట్టే పద్ధతి. ఒక కంపెనీకి రెండు ఆదివారాలు పడుతుంది. పేర్లు చెప్పిన కంపెనీలు ఉదాహరణ కోసమే, కొనమనో అమ్మమనో కాదు.

ముందు పద్దు రాయండి

కంపెనీ వెబ్‌సైట్ నుంచి గానీ బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్ల నుంచి గానీ పదేళ్ల వార్షిక నివేదికలు దించుకోండి. పదేళ్లవి దొరక్కపోతే కనీసం ఏడు. ఒక్కొక్కటి మూడు నాలుగు వందల పేజీలుంటుంది, మొత్తం చదవక్కర్లేదు. పీడీఎఫ్‌లో వెతికే చోట ఈ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి: బిజినెస్ కాంబినేషన్, గుడ్‌విల్, ఇంపెయిర్‌మెంట్ (విలువ పడిందని కొట్టేయడం), కంటింజెంట్ కన్సిడరేషన్ (షరతు నెరవేరితే ఇచ్చే సొమ్ము), పుట్ ఆప్షన్ (మిగతా వాటాను కొన్నవాళ్లకే అమ్మే హక్కు), నాన్ కంట్రోలింగ్ ఇంటరెస్ట్ (చేతికింది కంపెనీలో బయటివాళ్ల వాటా), ఏఓసీ 1 (చేతికింది కంపెనీల పట్టిక). మనకు కావలసినదాంట్లో ముప్పాతిక భాగం ఈ ఏడు మాటల చుట్టూ ఉంటుంది.

ఒక్కో కొనుగోలుకు ఒక్కో వరుస. గళ్లు ఇవి: తేదీ; ఏం కొన్నారు; ఎవరి దగ్గర; ఎంత శాతం వాటా; అప్పుతో కలిపి మొత్తం ధర; చెల్లింపు నగదా, అప్పు తెచ్చా, షేర్లు ఇచ్చా; కొన్ననాటి అమ్మకాలు, లాభం; ఆరోజు యాజమాన్యం చెప్పిన మాట; మూడేళ్ల తర్వాత అమ్మకాలు, లాభం; తర్వాత రద్దు చేసిన మొత్తం.

కొన్ననాటి వివరాలు ఎక్స్ఛేంజికి ఇచ్చిన ప్రకటనలో ఉంటాయి. సెబీ లిస్టింగ్ నిబంధనల్లో రెగ్యులేషన్ 30 కింద కంపెనీ ఇవి చెప్పాలి: కొంటున్నది ఏ వ్యాపారం, ఎప్పుడు పుట్టింది, గత మూడేళ్ల టర్నోవర్ ఎంత, ధర ఎంత, నగదా షేర్లా, ప్రమోటర్లకు అందులో చుట్టరికం ఉందా. మూడేళ్ల తర్వాతి సంగతికి ఏఓసీ 1 పట్టిక చూడాలి. వార్షిక నివేదికలో బోర్డు రిపోర్టు అనుబంధాల్లోనో, లెక్కల చివరనో ఉంటుంది. ప్రతి సబ్సిడరీ, అంటే చేతికింది కంపెనీ, టర్నోవర్, లాభం, నెట్‌వర్త్ (బాకీలు పోను మిగిలే విలువ) విడివిడిగా ఒకే పట్టికలో కనబడే చోటు అది. ఎక్కువమంది తెరవని పేజీ కూడా అదే.

‘యాజమాన్యం చెప్పిన మాట’ అన్న గడిని ఖాళీగా వదలొద్దు. ‘రెండేళ్లలో మార్జిన్ 8 నుంచి 14 శాతానికి తెస్తాం’ అన్నారనుకోండి, తేదీతో సహా రాసుకోండి. మూడేళ్ల తర్వాత ఆ మాట ఎవరికీ గుర్తుండదు, అన్నవాళ్లకైతే అసలే ఉండదు.

ధరను విప్పడం

గోపాల్‌పూర్ వరుసే నింపి చూద్దాం. షాపూర్‌జీ పల్లోంజీ గ్రూపు వాటా 56 శాతం, ఒరిస్సా స్టీవెడోర్స్ వాటా 39 శాతం, మొత్తం 95 శాతానికి ఇచ్చేది 1,349 కోట్లు. రేవు నెత్తిన ఉన్న అప్పు కూడా కొన్నవాళ్ల మీదికే వస్తుంది కాబట్టి అదీ కలిపితే వ్యాపారం విలువ 3,080 కోట్లు. దీన్ని ఎంటర్‌ప్రైజ్ వాల్యూ అంటారు. ఇవి కాక, కొన్ని షరతులు నెరవేరితే సుమారు ఐదున్నరేళ్ల తర్వాత మరో 270 కోట్లు ఇవ్వాలి. అమ్మినవాళ్లు దాన్నీ కలిపి 3,350 అన్నారు, కొన్నవాళ్లు దాన్ని పక్కన పెట్టి 3,080 అన్నారు.

పద్దులో పెద్ద అంకే రాయండి. 2023–24లో రేవుకు 520 కోట్ల ఆదాయం, 232 కోట్ల ఎబిటా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదలకు ముందటి లాభం, వస్తుందని ఆ ప్రకటనలోనే అంచనా ఇచ్చారు. 3,080ని 232తో భాగిస్తే 13.3 రెట్లు. 3,350ని భాగిస్తే 14.4 రెట్లు. వార్తల్లో కనబడిన 1,349 పట్టుకుని భాగిస్తే 5.8 రెట్లే వస్తుంది, కారుచౌకగా కొట్టేశారనిపిస్తుంది. అప్పుతో సహా కొన్న ఇంటికి చేతికిచ్చిన సొమ్మునే ధర అనుకున్నట్టు ఉంటుంది ఆ లెక్క.

ఇంకో సంగతి. రేవు, గని, టోల్ రోడ్డు లాంటివి శాశ్వతంగా సొంతం కావు. గోపాల్‌పూర్ ఒప్పందం ఒడిశా ప్రభుత్వంతో 2006లో 30 ఏళ్లకు జరిగింది, పదేళ్ల చొప్పున రెండుసార్లు పొడిగించుకునే వీలుంది. గడువున్న ఆస్తికి 14 రెట్లు, గడువు లేని ఆస్తికి 14 రెట్లు ఒకటి కావు. పద్దులో గడువు కూడా రాయాలి.

లాభాన్ని బట్టి ధర తేలని వ్యాపారాల్లో సామర్థ్యాన్ని బట్టి చూస్తారు. సిమెంటులో టన్నుకు ఎంత పడిందన్నది కొలత. 2017లో అల్ట్రాటెక్ జేపీ సిమెంటు ప్లాంట్లను 16,189 కోట్లకు కొంది, సామర్థ్యం 2.12 కోట్ల టన్నులు. టన్నుకు సుమారు 7,640 రూపాయలు. కొత్త ప్లాంటు కట్టడానికి టన్నుకు ఎంతవుతుందో అదే కంపెనీ నివేదికలో విస్తరణ ఖర్చు నుంచి తీసి పక్కన పెట్టుకుంటే, కొన్నది చవకో ప్రియమో తేలిపోతుంది.

కొన్నది లిస్టయిన కంపెనీ అయితే బిల్లు అక్కడితో ఆగదు. కొన్నవాళ్ల వాటా 25 శాతానికి చేరితే మిగతా వాటాదార్లకు ఓపెన్ ఆఫర్ (మీ షేర్లూ కొంటామన్న బహిరంగ ప్రతిపాదన) పెట్టాలి, కనీసం మరో 26 శాతానికి. 2024 జూలైలో ఇండియా సిమెంట్స్‌లో 32.72 శాతానికి అల్ట్రాటెక్ షేరు 390 చొప్పున 3,954 కోట్లు అంది. దాని వెనకే ఓపెన్ ఆఫర్‌కు 3,142 కోట్ల వరకు సిద్ధం చేసుకోవలసి వచ్చింది.

గుడ్‌విల్: పేరుకు ఇచ్చిన డబ్బు

బరంపురం అప్పడాలకు, ఊరగాయలకు పేరున్న ఊరు కదా, లెక్క అక్కడే వేద్దాం. ఒక అప్పడాల వ్యాపారి పక్క వీధిలోని దుకాణం కొన్నాడనుకోండి. సరుకు 4 లక్షలు, మిషన్లు 3 లక్షలు, అద్దె అడ్వాన్సు 1 లక్ష, మినప్పప్పు షావుకారికి బాకీ 2 లక్షలు. నికరం 6 లక్షలు. బేరం 14 లక్షలకు కుదిరింది. పైనిచ్చిన 8 లక్షలు ఎందుకు? పేరుకు, వాడుకదార్లకు. అందులో ప్యాకెట్ మీది లేబుల్‌కు 3 లక్షలని లెక్క కట్టి పదేళ్లకు ఏటా 30 వేల చొప్పున ఖర్చు రాస్తారు. మిగిలిన 5 లక్షలు గుడ్‌విల్.

కంపెనీల్లోనూ ఇంతే. ఇండ్ ఏఎస్ 103 అనే లెక్కల ప్రమాణం ప్రకారం ధరను ఇలాగే పంచుతారు. గుడ్‌విల్‌ను మాత్రం ఏటా తగ్గించరు. ఏడాదికోసారి పరీక్షించి, విలువ పడిందనుకుంటేనే కొట్టేస్తారు. అప్పడాలు ఒత్తే నలుగురు ఆడవాళ్లు పాత యజమానితోపాటు వెళ్లిపోయి, ఆయన ఎదురు వీధిలో ఇంకో పేరుతో దుకాణం తెరిచినా, పుస్తకంలో 5 లక్షలు అలాగే కూర్చుని ఉండొచ్చు. అమ్మినవాడు పోటీకి రాకూడదన్న షరతు ఎన్నేళ్లకుందో అందుకే చూడాలి.

నోట్స్‌లో మూడు చోట్ల వేలు పెట్టి చూడండి. మొదటిది పంపకం. సరుకు విలువను కొన్నరోజున 4 లక్షలకు బదులు 3 లక్షలని రాస్తే గుడ్‌విల్ లక్ష పెరుగుతుంది, ఎవరికీ పట్టదు. ఆ సరుకు అమ్ముడుపోయినప్పుడు లాభం లక్ష ఎక్కువ కనబడుతుంది, అందరికీ పడుతుంది. రాని బాకీల పేరుతో కొన్నరోజున పెద్ద కేటాయింపు పెట్టి, తర్వాత మెల్లగా వెనక్కి తీసుకోవడం కూడా ఇదే తంతు. ఈ పంపకాన్ని సవరించుకోవడానికి 12 నెలల వ్యవధి ఉంటుంది, కాబట్టి రెండో ఏడాది నివేదిక కూడా తెరవాలి.

రెండోది పరీక్షలో వాడిన అంచనాలు. డిస్కౌంట్ రేటు (రేపటి డబ్బును ఇవాళ్టి విలువకు తగ్గించే రేటు) ఎంత, ఐదేళ్ల తర్వాత శాశ్వత పెరుగుదల ఎంత అన్నది నోట్స్‌లో ఇస్తారు. వ్యాపారం మందగిస్తున్నకొద్దీ శాశ్వత పెరుగుదల 4 నుంచి 5కి, 6కి పెరుగుతూ పోతే గుడ్‌విల్‌ను ఊపిరి పోసి నిలబెడుతున్నారని అర్థం. మూడోది ఆడిటర్ రిపోర్టు. ‘కీ ఆడిట్ మ్యాటర్స్’లో, అంటే ఆడిటర్ ప్రత్యేకంగా పట్టించుకున్న అంశాల్లో, గుడ్‌విల్ ఉందా, ఏ సబ్సిడరీది అన్నది రాసుకోండి.

గుడ్‌విల్ కొట్టేసినప్పుడు ‘నగదు పోలేదు, పుస్తకాల సర్దుబాటే’ అంటారు. నగదు కొన్నరోజునే పోయింది. టాటా స్టీల్ యూరప్ ఉక్కు కంపెనీ కోరస్‌ను 2007లో కొంది. 2012–13లో 8 వేల కోట్లకు పైగా కొట్టేసింది. ఆ డబ్బు పోయింది 2013లో కాదు.

సొంత పెరుగుదల ఎంత?

నిరుడు అమ్మకాలు 1,000 కోట్లు, ఈ ఏడు 1,300. ముప్పై శాతం పెరిగామంటారు. అక్టోబరు 1న కొన్న కంపెనీ ఆరు నెలల్లో 220 కోట్లు తెచ్చింది. అది తీసేస్తే 1,080. సొంత పెరుగుదల 8 శాతం. ఇంత లెక్క చాలామందే వేస్తారు. రెండో సగం వేసేవాళ్లు తక్కువ. కొన్నప్పుడు ఆ కంపెనీ ఏడాది అమ్మకాలు 480 కోట్లు. సగం 240 రావాలి, 220 వచ్చింది. చేతిలోకి వస్తూనే తగ్గుతోంది.

అయితే తొందరపడి తీర్పు చెప్పొద్దు. ఫ్యాన్లు, కూలర్లు, విత్తనాలు లాంటి వ్యాపారాల్లో ఏడాదిని సగానికి కోస్తే సమానంగా రాదు. అదే ఆరు నెలలతో పోల్చాలి. దీనికి కావలసిన అంకెలు ‘బిజినెస్ కాంబినేషన్’ నోట్‌లోనే ఉంటాయి: కొన్న తేదీ నుంచి ఎంత ఆదాయం, ఎంత లాభం వచ్చింది, ఏడాది మొదట్లోనే కొని ఉంటే మొత్తం ఎంత ఉండేది. ఆ రెండు వాక్యాలు ఇవ్వకుండా ‘చెప్పుకోదగినంత కాదు’ అని దాటేసే కంపెనీ ఏడాదికి నాలుగు కొంటుంటే, నాలుగూ కలిపి చెప్పుకోదగినంత అవుతాయి కదా అని అడగాలి. మదుపరులతో జరిపే కాన్ఫరెన్స్ కాల్‌లో సొంత పెరుగుదల అంకె అడిగినా రాలేదంటే పద్దులో గుర్తు పెట్టండి.

నగదు ఎక్కడ దాక్కుంటుంది

సొంతంగా సరుకు నిల్వ పెంచుకుని, అరువులిచ్చి వ్యాపారం పెంచితే ఆ ఖర్చు నిర్వహణ నగదులోంచి, అంటే రోజువారీ వ్యాపారం తెచ్చే నగదులోంచి, పోయినట్టు కనబడుతుంది. అదే నిల్వ, అదే అరువు కంపెనీతో సహా కొంటే పెట్టుబడుల ఖాతాలోకి వెళ్తుంది. కొన్న తర్వాత ఆ అరువులు వసూలైతే మళ్లీ నిర్వహణ నగదులోకే వస్తుంది. ఖర్చు ఒక జేబులోంచి, రాబడి ఇంకో జేబులోకి. అందుకే కొనుగోళ్ల కంపెనీ నిర్వహణ నగదు ఎప్పుడూ కాస్త కండపట్టి కనబడుతుంది.

విరుగుడు తేలికే. పదేళ్ల నిర్వహణ నగదు మొత్తం కూడండి. అందులోంచి పదేళ్ల స్థిరాస్తుల ఖర్చు, పదేళ్ల కొనుగోళ్ల ఖర్చు, వడ్డీ, లీజు చెల్లింపులు తీసేయండి. మిగిలింది నిజంగా మనది. పదేళ్లూ సున్నా కింద ఉండి, అప్పో కొత్త షేర్లో పెరుగుతూ ఉంటే, కంపెనీ కొనడం ఆపిన రోజున ఏం మిగులుతుందన్నది ఎవరూ చూడలేదన్నమాట.

పెట్టిన రూపాయికి రాబడి

ఈ మొత్తం పనిలో ఒక్క లెక్కే వేసే తీరిక ఉంటే ఇది వేయండి. ఐదేళ్లలో కొనుగోళ్లకు, తలకెత్తుకున్న అప్పుతో సహా, 1,200 కోట్లు. తరుగుదల పోను స్థిరాస్తులకు 300. రోజువారీ పెట్టుబడికి 100. మొత్తం 1,600. పన్ను పోను నిర్వహణ లాభం ఐదేళ్ల కింద 180, ఇప్పుడు 340. పెరిగింది 160. భాగిస్తే 10 శాతం. ఆఖరి ఏడాది కొన్నవాటిని రెండు వైపుల నుంచీ తీసేయడం న్యాయం, వాటి లాభం ఇంకా రాలేదు.

మా అంచనాలో 15 శాతం దాటితే మంచి చెయ్యి. 12 నుంచి 15 అయితే చవగ్గా దొరికితేనే. పది అంటే బ్యాంకు అప్పు వడ్డీకి కాస్త పైన, అంత తలనొప్పికి ఆ రాబడి చాలదు.

గుడ్‌విల్‌తో కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి వేయాలి. తీసేస్తే వచ్చేది వ్యాపారం సత్తా, కలిపితే వచ్చేది కొన్నవాడి తెలివి. ఒక్కటే చూస్తే దారి తప్పుతాం. హార్లిక్స్ సంగతి చూడండి. 2020 ఏప్రిల్‌లో హార్లిక్స్ అమ్మే గ్లాక్సో వినియోగ వస్తువుల కంపెనీని హిందుస్తాన్ యూనిలీవర్ షేర్లిచ్చి కలుపుకుంది. 8 వేల కోట్ల దగ్గరున్న నెట్‌వర్త్ ఒక్క ఏడాదిలో 47 వేల కోట్లు దాటింది. నెట్‌వర్త్ మీద రాబడి 80 శాతం పైనుంచి 20 లోపుకు దిగింది. సబ్బుల వ్యాపారం ఒక్కసారిగా చెడిపోయిందా? లేదు. హార్లిక్స్ ధర పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ ధర గిట్టిందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని హార్లిక్స్ లాభంతోనే తేల్చాలి.

పీఈ మాయ

ఒక కంపెనీ లాభం 100 కోట్లు, షేర్లు 10 కోట్లు, షేరుకు లాభం 10 రూపాయలు, ధర 400. పీఈ, అంటే షేరు లాభానికి ధర ఎన్ని రెట్లన్నది, 40. అది 50 కోట్ల లాభమున్న చిన్న కంపెనీని పది రెట్లకు, అంటే 500 కోట్లకు, తన షేర్లిచ్చి కొంది. ఇచ్చినవి కోటీ పాతిక లక్షల షేర్లు. ఇప్పుడు లాభం 150, షేర్లు 11.25 కోట్లు, షేరుకు లాభం 13.33. మూడో వంతు పెరిగింది! ఎక్కడా ఒక్క సంచి సరుకు అదనంగా అమ్మలేదు.

మార్కెట్ అదే 40 పీఈ ఇస్తే ధర 533. దాంతో ఇంకొకటి కొనొచ్చు. చక్రం బాగానే తిరుగుతుంది, పీఈ 15కి పడేదాకా. అప్పుడు ధర 200. అదే 500 కోట్ల కంపెనీని కొనాలంటే రెండున్నర కోట్ల షేర్లివ్వాలి. పెరుగుదల ఆగుతుంది, ఆగిందని పీఈ ఇంకా పడుతుంది. కాబట్టి పద్దులో ఏటేటా మొత్తం షేర్ల సంఖ్య రాయండి. క్విప్‌లు (పెద్ద సంస్థలకు అమ్మే కొత్త షేర్లు), ప్రిఫరెన్షియల్ షేర్లు (ఎంచుకున్నవాళ్లకే ఇచ్చేవి), షేర్లుగా మారిన వారంట్లు (తర్వాత షేర్లు తీసుకునే హక్కులు) అన్నీ అందులోకి వచ్చేస్తాయి.

రెండు కాగితం మిల్లులు

రాయగడ దగ్గర జేకేపూర్‌లో జేకే పేపర్ మిల్లు. పక్క జిల్లాలో, జయపురం దగ్గర గగనాపూర్‌లో బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ వారి సేవా మిల్లు. బల్లార్‌పూర్ అంటే మహారాష్ట్ర సరిహద్దులో చంద్రపూర్ జిల్లా, అదీ మనవాళ్లుండే ఊరే. ఒకే సరుకు, ఒకే వెదురు, సరుగుడు, యూకలిప్టస్ కర్ర. రెండు కంపెనీలూ మిల్లులు కొన్నాయి.

బల్లార్‌పూర్ 2007లో మలేషియా వెళ్లి సబా ఫారెస్ట్ ఇండస్ట్రీస్‌ను 26.1 కోట్ల డాలర్లకు కొంది. అప్పు పెరిగింది. 2020లో కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. జేకే పేపర్ 2018లో కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లును దివాలా ప్రక్రియలోంచి తీసుకుంది. 2014 నుంచి మూతపడి ఉన్న మిల్లు, తెలిసిన ప్రాంతం, తెలిసిన కర్ర, తెలంగాణ ప్రభుత్వ రాయితీలు కూడా. ఒక్క కొనుగోలే ఒక కంపెనీని ముంచిందనో, ఒకటే ఇంకోదాన్ని తేల్చిందనో అనలేం. కానీ కాగితం, ఉక్కు, రసాయనాల్లాంటి ధర ఎగిరిపడే సరుకుల్లో ఏ ధర దగ్గర, ఎంత అప్పుతో కొన్నారన్నదే ప్రాణం. సరుకు ధర శిఖరం మీదున్నప్పుడు ఎబిటా లావుగా ఉంటుంది, ‘అయిదు రెట్లకే కొన్నాం’ అంటారు. ధర పడితే అదే కొనుగోలు పన్నెండు రెట్లవుతుంది. ఇలాంటి వ్యాపారాల్లో ఏడేళ్ల సగటు ఎబిటాతో భాగించాలి.

అప్పుకు మా కొలతలు: కొనుగోలు అయ్యాక నికర అప్పు ఎబిటాకు మూడు రెట్లు దాటితే జాగ్రత్త, ఎగిరిపడే సరుకైతే రెండు దాటినా జాగ్రత్తే. నిర్వహణ లాభం వడ్డీకి నాలుగు రెట్లయినా ఉండాలి. విదేశీ సబ్సిడరీ అప్పుకు మాతృసంస్థ ఇచ్చిన హామీలు ‘కంటింజెంట్ లయబిలిటీస్’ నోట్‌లో ఉంటాయి. 51 శాతం కొని మిగతా 49 శాతం తర్వాత కొంటామని రాసిచ్చి ఉంటే, ఆ పుట్ ఆప్షన్ బాకీని కూడా అప్పులో కలపండి. క్రిసిల్, ఇక్రా, కేర్ రేటింగ్ నోట్లు ఉచితంగా దొరుకుతాయి. అప్పిచ్చినవాడి కళ్లతో రాసినవి కాబట్టి బ్రోకరేజీ రిపోర్టు కంటే ముందు అవి చదవాలి.

అమ్మింది ఎవరు

తెలుగువాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ మేటాస్ కంపెనీలు రెండింటిని 160 కోట్ల డాలర్లకు కొంటానంది. అవి ప్రమోటరు కుటుంబానివే. మదుపరులు మండిపడితే గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న పుస్తకాల్లో చూపిన నగదు లేదని ఒప్పుకోలు లేఖ వచ్చింది. ప్రమోటరు ఎడమ చేతి కంపెనీని కుడి చేతి కంపెనీకి అమ్ముతుంటే, ధర ఎంత సబబుగా కనబడినా, ముందు ఆ నగదు నిజంగా ఉందా అని అడగాలి.

దివాలా ప్రక్రియలో కొన్నవాటికి పాత బాకీల పీడ చాలావరకు ఉండదు, కానీ కోర్టు పీడ ఉంటుంది. ఒడిశాలోనే సంబల్‌పూర్ వైపు ప్లాంటున్న భూషణ్ పవర్‌ను జేఎస్‌డబ్ల్యూ స్టీల్ 2021 మార్చిలో రుణదాతలకు 19,350 కోట్లు కట్టి తీసుకుంది. నాలుగేళ్లు నడిపాక, 2025 మే 2న సుప్రీంకోర్టు ఆ ప్రణాళికే చెల్లదంది. జూలైలో ఆ తీర్పును వెనక్కి తీసుకుని, సెప్టెంబరు 26న ప్రణాళికను సమర్థించింది. ఇలాంటి కొనుగోలు ఎదురుగా పద్దులో ‘కేసు’ అని రాసి, తేలేదాకా చెరపొద్దు.

ప్రైవేటు ఈక్విటీ ఫండ్ (కంపెనీలు కొని కొన్నేళ్లకు అమ్మేసే నిధి) అమ్ముతుంటే అమ్మకానికి ముందు రెండేళ్ల ప్రచార ఖర్చు, మరమ్మతుల ఖర్చు తగ్గించారేమో చూడండి. అన్నిటికన్నా మంచి అమ్మకందారు, వారసులకు ఆసక్తి లేని పెద్దాయన. కొన్నాక రెండేళ్లయినా ఆయన కుర్చీలో ఉంటే ఇంకా మంచిది.

కొన్నది దేన్ని?

2006లో డాక్టర్ రెడ్డీస్ జర్మనీలో బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొంది. ఫ్యాక్టరీ కోసం కాదు, జర్మనీ డాక్టర్ల దగ్గర దాని బ్రాండుకు, ప్రతినిధులకు ఉన్న పట్టు కోసం. తర్వాత అక్కడి ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పిలిచి ఎవరు తక్కువకిస్తే వాళ్ల మందే అనడం మొదలెట్టాయి. డాక్టరు దగ్గర పట్టుకు విలువ పోయింది, ధరలు కూలాయి. 2008–09లో ఆ కొనుగోలు విలువను కొట్టేసిన దెబ్బకు కంపెనీ ఏడాది మొత్తానికే నష్టం చూపింది. బేరం చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. కొన్న విలువ ఎవరి నిర్ణయం మీద నిలబడి ఉందో ఆ నిర్ణయం చేతులు మారింది. ప్రతి పెద్ద వరుస ఎదురుగా ఒక వాక్యం రాయండి: ‘ఈ లాభం ఫలానా వాళ్లు ఫలానా పని చేస్తున్నంత కాలమే.’ రాయలేకపోతే ఆ వ్యాపారం మనకు అర్థం కాలేదు.

చిన్నవి, తరచుగా, తమ రంగంలోనే కొనేవాళ్లకు చెయ్యి తిరుగుతుంది. కంపెనీ మార్కెట్ విలువలో పావు వంతు దాటిన ఒక్క కొనుగోలు ఎప్పుడూ జూదం వాసన వేస్తుంది.

ధర ఎంత ఇవ్వాలి

రాబోయే కొనుగోళ్లకు ఇప్పుడే డబ్బు ఇవ్వొద్దు. సొంత పెరుగుదలతో విలువ కట్టి, పైది కొసరు అనుకోండి. కారణం అంకెల్లోనే ఉంది. లాభం 150 కోట్లు, సొంత పెరుగుదల 8 శాతం, మార్కెట్ ఆశిస్తున్నది 20. మిగతా 12 శాతం, అంటే 18 కోట్ల లాభం, కొనుక్కోవాలి. పదిహేను రెట్లకు దొరికితే 270 కోట్లు కావాలి. కంపెనీ మొత్తం లాభమే 150. తేడా అప్పుగానో కొత్త షేర్లుగానో రావాలి, పైయేడు ఇంకా ఎక్కువ రావాలి.

అమ్మాలనిపించే గుర్తులు నాలుగు: సొంత రంగం వదిలి కొనడం; రెండేళ్లు వరసగా సొంత పెరుగుదల సున్నా దగ్గర ఉండగా కొనుగోళ్లు పెరగడం; ఫైనాన్స్ అధికారో ఆడిటరో మధ్యలో వెళ్లిపోవడం; ‘సర్దుబాటు లాభం’ పేరుతో తీసేసే ఖర్చులు ప్రతి ఏడూ ‘ఒక్కసారివే’ కావడం.

చివరగా పద్దు నిర్వహణలో ఒక చిక్కు. సబ్సిడరీని మాతృసంస్థలో విలీనం చేయగానే ఏఓసీ 1లో దాని వరుస మాయమవుతుంది. విలీనానికి పన్ను, ఖర్చుల ఆదా లాంటి మంచి కారణాలే ఉండొచ్చు. అయినా విలీనానికి ముందటి ఆఖరి అంకెలు తీసి రాసుకుని, పక్కన ‘ఇక కనబడదు’ అని తేదీ వేయండి. పద్దులో సగం వరుసలకు ఆ మాట పడితే, ఆ కంపెనీలో ఉన్నది ఉంచినా కొత్తగా డబ్బు పెట్టొద్దు.